కాల్పుల విరమణ రోజుల్లో ఒక గన్‌మెన్ ఫైలు

2004 సెప్టెంబర్‌లో నా టేబుల్ మీదకు ఒక ఫైలు వచ్చింది. ఉత్తర తెలంగాణకు చెందిన ఒక మాజీ ఎమ్మెల్యే నెలన్నరలో నాలుగు అర్జీలు పెట్టుకున్నారు. నాలుగింటిలోనూ ఒకటే మాట, తగ్గించిన గన్‌మెన్‌ను తిరిగి ఇప్పించమని. అప్పట్లో నేను హైదరాబాద్‌లో రాజకీయ నాయకుల భద్రతను సమీక్షించే పనిలో ఉన్న ఇన్‌స్పెక్టర్‌ని. ఎవరికి ఎంత ముప్పు ఉందో, ఎంతమంది గన్‌మెన్ ఉండాలో విచారించి పైకి రిపోర్టు పంపడం మా పని. రిటైరయ్యేదాకా దాదాపు అదే పని చేశాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు ఒక్క కేసు చెప్పమంటే ఈ ఫైలే చెబుతాను. ఇందులో నేను సరిగ్గా చేసినవి కొన్ని ఉన్నాయి. చేయకుండా వదిలేసింది ఒకటి ఉంది. దాని వల్ల ఒక మనిషి ప్రాణం పోయింది.

ఊరి పేరు, మండలం పేరు, మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

అప్పటి వాతావరణం

ఆ ఏడాది మేలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం వచ్చింది. జూన్‌లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య కాల్పుల విరమణ మొదలైంది. జూలైలో నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్ మీద ఉన్న నిషేధం గడువు తీరితే ప్రభుత్వం పొడిగించలేదు. 2002లో ఒకసారి చర్చల ప్రయత్నం జరిగి మధ్యలోనే ఆగిపోయింది కాబట్టి ఈసారైనా నిలబడుతుందా అని అందరికీ అనుమానం ఉండేది, ఆశ కూడా ఉండేది. ఎస్.ఆర్. శంకరన్ గారు, కన్నబిరాన్ గారు, పొత్తూరి వెంకటేశ్వరరావు గారు, హరగోపాల్ గారు లాంటి పెద్దలు రెండు వైపులా మాట్లాడుతున్నారు. శంకరన్ గారు ఐఏఎస్ అధికారిగా ఉన్నప్పుడు, 1987లో తూర్పు గోదావరి జిల్లా గుర్తేడు దగ్గర ఆయన్ని ఇదే నక్సలైట్లు ఎత్తుకెళ్లారు. ఆ మనిషే మళ్లీ శాంతి కోసం తిరుగుతుంటే చూసి నాకు గౌరవం కలిగింది. పోలీసుగా నా తోటివాళ్లను కొందరిని పోగొట్టుకున్నాను. అందుకే ఆ చర్చలు ఫలించాలని నేను నిజంగా కోరుకున్నాను.

నాయకుల మనసులో ఉన్నది వేరు. 1999 ఏప్రిల్‌లో మాజీ స్పీకర్ శ్రీపాదరావు గారిని చంపేశారు. అదే ఏడాది సెప్టెంబర్ 4న నగరం నడిబొడ్డున, ఎస్.ఆర్. నగర్‌లో సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు ఐపీఎస్ అధికారి ఉమేశ్‌చంద్ర గారిని కాల్చారు. ఆయన గన్‌మన్, డ్రైవర్ కూడా చనిపోయారు. 2000 మార్చి 7న ఘట్‌కేసర్ దగ్గర మందుపాతర పేలి మంత్రి మాధవరెడ్డి గారు పోయారు. 2003 అక్టోబర్ 1న అలిపిరిలో క్లేమోర్ మందుపాతరలు పేల్చితే అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు గాయాలతో బయటపడ్డారు. చర్చల మాట వినపడేనాటికి అలిపిరి జరిగి ఏడాది కూడా కాలేదు. 'హైదరాబాద్‌లో ఉంటే ఏమీ కాదు' అని ఏ నాయకుడికైనా చెప్పే ధైర్యం మాకు లేదు. 1993లో ఐపీఎస్ అధికారి వ్యాస్ గారిని చంపింది ఎల్బీ స్టేడియంలో, ఆయన పొద్దున్నే జాగింగ్ చేస్తుండగా.

అలాంటి సమయంలో గన్‌మెన్‌ను తగ్గించారు. పైనుంచి చూస్తే తప్పుగా ఏమీ కనపడదు. కాల్పులు లేవు, దాడులు లేవు, ఈయన ఎన్నికల్లో ఓడిపోయి మాజీ అయ్యారు. 2+2 కాస్తా 1+1 అయింది. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను, 2+2 అంటే ఎప్పుడూ నలుగురు వెంట ఉంటారని కాదు. ఇద్దరు డ్యూటీలో, ఇద్దరు రెస్టులో. 1+1 అంటే ఏ సమయంలోనైనా ఉండేది ఒక్కడే. ఆ ఒక్కడు స్నానానికి వెళ్తే ఎవరూ లేనట్టే.

నేను మొదట ఎలా చదివాను

అర్జీలు చదవగానే ఇది పరువు సమస్య అనుకున్నాను. అలా అనుకోవడానికి కారణం ఉంది. మా దగ్గర గన్‌మన్ అంటే రక్షణ ఒక్కటే కాదు, హోదా. పెళ్లికి వెళ్లినా చావుకు వెళ్లినా కారు ముందు డోరు తెరుచుకుని కార్బైన్ తుపాకీ పట్టుకున్న మనిషి దిగితేనే లోపలున్నది నాయకుడని జనం లెక్క. ఓడిపోయిన వాడికి గన్‌మెన్ కూడా తగ్గితే ఊళ్లో రెండోసారి ఓడినట్టు. ఇలాంటి అర్జీలు నా టేబుల్ మీద కట్టలు కట్టలుగా ఉండేవి. పై అధికారి అడిగితే "స్టేటస్ కోసం సార్" అని ఒక్క మాటలో చెప్పేశాను.

ఆయన నాలుగో అర్జీలో ఒక వాక్యం నన్ను ఆపింది. "యుద్ధం జరిగినన్ని రోజులు నేను నా ఊరికి పోయి వచ్చిన. శాంతి వచ్చిన కాడ్నించి పోలేకపోతున్న." పీఏ రాసిన వాక్యం కాదిది. పై మూడు అర్జీలూ టైపు చేసి ఉన్నాయి, ఇది చేత్తో రాసింది. ఆ వారంలోనే అల్వాల్‌లో ఆయన ఇంటికి వెళ్లాను.

అల్వాల్ ఇల్లు

కరీంనగర్ రోడ్డు నుంచి లోపలికి రెండు సందులు. ఊరు వదిలి వచ్చిన నాయకులు, పటేళ్లు చాలామంది అటువైపే ఇళ్లు కట్టుకున్నారు, ఊరికి పోయే బస్సు ఇంటి ముందు నుంచే పోతుందని. గేటు దగ్గర యాభై దాటిన హెడ్ కానిస్టేబుల్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కార్బైన్ ఒళ్లో ఉంది, దాని మీద తువ్వాలు కప్పాడు. "ఎప్పుడు దిగావు డ్యూటీ?" అంటే నిన్న పొద్దున అన్నాడు. జతగాడి భార్యకు ఒంట్లో బాగోలేక అతను రాలేదట. అంటే 1+1లో కూడా ఆ రోజు ఒకటే మిగిలింది.

ముందు గదిలో కిటికీలకు మందంగా దుప్పట్లు వేలాడదీశారు. పడక మధ్య గదిలోకి మార్చారు. ఆ గదికి కిటికీ లేదు, పగలు కూడా లైటు వేసే ఉంటుంది. ఆయన భార్య టీ తెచ్చి పెట్టి, "మీరన్న చెప్పుండ్రి సారు, నెల రోజుల సంది ఈ మనిషి డాబా ఎక్కలే" అంది. టీపాయ్ మీద రెండు వందల పేజీల నోట్‌బుక్ ఉంది. అందులో సందులోకి వచ్చిన బండ్ల నంబర్లు, టైము. పాలవాడి స్కూటర్ నంబరు ప్రతి రోజూ రాసి ఉంది.

"యుద్ధం ఉన్నప్పుడు ఇంత భయపడలేదు కదా సార్?" అని అడిగాను.

"అప్పుడు ఎరుకుండె సాబ్. దళం ఏడ తిరుగుతుందో, ఎవరి ఇంట్ల తిన్నరో పొద్దుమూకే వరకు ఎస్సై ఫోన్ చేసి చెప్పేటోడు. ఇయ్యాల ఎస్సైకే ఎరుక లేదు. మొన్న మా ఊరి చావడి కాడ మీటింగ్ పెట్టుకుని పోయిండ్రట. మా పాలేరే ఎదురుపోయి బొట్టు పెట్టిండట. గిప్పుడు నాకు ఎవలు దోస్తో, ఎవలు దుష్మనో ఎట్ల తెలుస్తది?"

ఈ మాటలో నాకు మా శాఖ పొరపాటు కనపడింది. మా రిపోర్టులన్నీ సమాచారం మీద నడుస్తాయి. కాల్పుల విరమణలో కూంబింగ్, అంటే అడవుల్లో గాలింపు, ఆగిపోతుంది. ఊళ్లలో మాకు కబురు చెప్పేవాళ్లు కూడా నోరు కట్టేసుకుంటారు, ఎందుకంటే రేపు అన్నలే బహిరంగంగా ఊళ్లోకి వచ్చి కూర్చుంటే వీళ్లు ఎవరని అడిగేవాళ్లు ఉంటారు. అప్పుడు మా టేబుల్ మీదకు వచ్చే కాగితాల్లో 'ఈ నెల ఎలాంటి బెదిరింపు సమాచారం లేదు' అని ఉంటుంది. అది చూసి ముప్పు తగ్గిందని రాసేశాం. కబురు రాకపోవడానికీ ముప్పు లేకపోవడానికీ తేడా ఉంది. ఆ తేడా మాకంటే ముందు ఆ నాయకుడికి తెలిసింది. ఆయన భయం పిరికితనం కాదు. అది మాకు అందని సమాచారం. భద్రత చూసేవాళ్లు నాయకుడి భయాన్ని ఒక కబురులాగా తీసుకుని విచారించాలని నేను ఆ రోజే నేర్చుకున్నాను. ఆ కబురంతా విన్నానా అంటే, వినలేదు. అక్కడే ఉంది అసలు విషయం.

లేవబోతుండగా ఆయన ఒక మాట అన్నారు. "నన్ను కాదు సాబ్, నా ఎంట తిరిగేటోళ్లను సూడుండ్రి జర." మర్యాదకు అన్న మాట అనుకున్నాను. నాయకులందరూ 'నా కోసం కాదు, కార్యకర్తల కోసం' అంటారు కదా. డైరీలో రాసుకోలేదు.

మంజీరా గెస్ట్‌హౌస్ ముందు

అక్టోబర్ 11న నల్లమల అడవుల నుంచి పీపుల్స్‌వార్ రాష్ట్ర కార్యదర్శి రామకృష్ణ, మిగతా ప్రతినిధులు బయటకు వచ్చారు. ప్రకాశం జిల్లా చిన్నారుట్ల దగ్గర బయటపడి, పల్నాడులో గుత్తికొండ బిలం దగ్గర సభ పెట్టి హైదరాబాద్ చేరారు. మరో నక్సలైట్ పార్టీ జనశక్తి తరఫున అమర్, రియాజ్ వచ్చారు. మంజీరా గెస్ట్‌హౌస్‌లో బస. 14న పీపుల్స్‌వార్, ఉత్తరాది నక్సలైట్ పార్టీ ఎంసీసీఐ కలిసి మావోయిస్టు పార్టీ అయినట్టు ప్రకటించారు. 15 నుంచి 18 వరకు జూబ్లీహిల్స్‌లోని మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థలో చర్చలు. ప్రభుత్వం తరఫున హోంమంత్రి జానారెడ్డి గారు.

నేను గెస్ట్‌హౌస్ బయట డ్యూటీలో ఉన్న రోజు చూసింది ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. లోపల ఉన్నవాళ్లకు మా పోలీసులే కాపలా. బయట జనం బారులు. చేతుల్లో అర్జీలు. భూమి తగాదాలు, రాని కూలీ డబ్బులు, ఎన్‌కౌంటర్‌లో పోయిన కొడుకు, ఏళ్ల తరబడి కనపడకుండా పోయిన తమ్ముడు. ఒక ముసలామె అర్జీని పాలిథిన్ కవర్‌లో పెట్టుకుని గుండెకు ఆనించి పట్టుకుంది. కలెక్టరేట్‌లో ఇచ్చి ఇచ్చి విసిగిపోయిన కాగితాలే అవన్నీ. చాలా వాటి మీద పాత రెవెన్యూ స్టాంపులు కూడా ఉన్నాయి. అంత జనాన్ని చూసి మా వాళ్లు కొందరికి కోపం వచ్చింది. నాకు సిగ్గేసింది.

నాలుగైదు రోజుల తర్వాత ఆ మాజీ ఎమ్మెల్యే ఫోన్ చేసి రమ్మన్నారు. వెళ్తే జేబులోంచి ఒక జిరాక్స్ కాగితం తీశారు. ఎనిమిది మడతలు పెట్టి ఉంది. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. ఎన్నిసార్లు విప్పి చూశారో. ఆయన ఊరి నుంచి తొమ్మిది కుటుంబాల వాళ్లు మంజీరాలో ఇచ్చి వచ్చిన అర్జీ అది. భూపరిమితి (సీలింగ్) చట్టం కింద మిగులు భూమిగా తేలిన 14 ఎకరాలు తమకు రావలసింది, కాగితాల్లో ఇచ్చి స్వాధీనం చేయలేదని, ఇప్పటికీ ఫలానా వారి చేతిలోనే ఉందని. ఆ ఫలానా వారిలో మొదటి పేరు ఈయనది.

"ఈ కాగితం మీకెలా వచ్చింది?"

"రాసినోడే తెచ్చిచ్చిండు. నా చేతుల చదువుకున్న పిల్లగాడే. నువ్వే జెర తేల్చు పటేలా, లేకపోతే పైన తేలుస్తరు అన్నడు."

"భూమి మీ పేరు మీదే ఉందా సార్?"

ఆయన కొంచెంసేపు కిటికీకి కట్టిన దుప్పటి వైపు చూశారు. "నాదే అనుకో," అన్నారు.

'సదరు భూమి ఆయనదే' అని రాసుకున్నాను. 'అనుకో' అన్న మాటను వదిలేశాను. తెలుగు మాట్లాడే ఎవరికైనా ఆ రెండింటికీ తేడా తెలుసు. పోలీసు భాషలో రాసేటప్పుడు ఆ తేడా జారిపోయింది.

ఏం చేశాం

నవంబర్ మొదటి వారంలో రిపోర్టు ఇచ్చాను. మూడు భయాలను విడదీసి రాశాను. ఆయుధాలతో దాడి జరగవచ్చన్న భయం ఒకటి, అది నిజమైనదే, కాకపోతే కాల్పుల విరమణ ఉన్నన్ని రోజులు కొంచెం తక్కువ. భూమి తగాదా వల్ల వచ్చింది రెండోది, అది రోజురోజుకూ పెరిగేది. గౌరవం పోయిందన్న బాధ మూడోది. దీన్ని అధికారులు చులకన చేస్తారు గానీ, ఈ బాధలో ఉన్న మనిషి తన ధైర్యం చూపించుకోవడానికి పోకూడని చోటికి పోతాడు. ఆయన కొడుకు నాకు విడిగా చెప్పాడు, గన్‌మెన్ తగ్గించిన మరుసటి ఆదివారం ఆయన ఒంటరిగా బస్సెక్కి ఊరికి పోయి వచ్చారని. భయపడే మనిషి ఎందుకు పోయాడంటే, భయపడుతున్నాడని ఊళ్లో అనుకోకూడదని.

2+2 పూర్తిగా ఇమ్మనలేదు. ప్రయాణాలకు 2+2, ఇంటి దగ్గర 1+1 సరిపోతుందని రాశాను. ఇద్దరు గన్‌మెన్‌లో ఒకరు తప్పనిసరిగా నలభై లోపు వయసు వాడు, ఆ ప్రాంతం రోడ్లు తెలిసినవాడు ఉండాలని రాశాను. ప్రతి ఆదివారం ఒకే దారిలో, ఒకే టైముకు ఊరికి పోయే పాత అలవాటు మాన్పించాం. రాత్రి ఊళ్లో ఉండొద్దని, పట్నంలో చుట్టాల ఇంట్లో పడుకుని పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగి రావాలని చెప్పాం. టూర్ ప్రోగ్రామ్ ముగ్గురికి మించి తెలియకూడదన్నాం. అంతకుముందు ఆయన ఊరికి బయలుదేరే ముందు తోరణాలు కట్టించమని ఫోన్ చేసేవారు.

కిటికీలకు దుప్పట్లు తీయించి సాధారణ పరదాలు వేయించాం. చిన్న విషయమే అనిపిస్తుంది గానీ, చీకటి గదిలో పగలంతా కూర్చునే మనిషికి ప్రతి చప్పుడూ తుపాకీ చప్పుడే. పొద్దున్నే డాబా మీద అరగంట నడవమన్నాం, గన్‌మన్ తోడుగా. రెండు వారాల్లో ఆయన నోట్‌బుక్ రాయడం మానేశారు. హెడ్ కానిస్టేబుల్‌కు రెస్టు దొరికింది. అతని ముఖం చూస్తేనే ఇంట్లోవాళ్లకు సగం భయం తగ్గింది. వారం రోజులు నిద్రలేని గన్‌మన్ గేటు దగ్గర ఉంటే లోపలున్న వాళ్లకు ధైర్యం ఎక్కడిది?

భూమి మా పరిధిలోది కాదు. అయినా రెవెన్యూ వాళ్లతో అనధికారికంగా మాట్లాడాను. కొలతలు వేసి ఎవరిది వాళ్లకు తేల్చేస్తే ఈ ముప్పులో పెద్ద భాగం పోతుందని చెప్పాను. జనవరి నెలాఖరుకు సర్వే చేస్తామన్నారు. గన్‌మెన్ కంటే ఆ సర్వే గొలుసే ఆయనకు పెద్ద రక్షణ అని నాకు గట్టిగా అనిపించింది. ఇప్పటికీ అదే అంటాను.

చర్చల్లో పీటముడి పడ్డది ఆయుధాల దగ్గర. ఆయుధాలతో ఊళ్లలోకి రావడానికి వీల్లేదని ప్రభుత్వం, ఆయుధాలు మా ఆత్మరక్షణకు, వదిలిపెట్టం అని వాళ్లు. అప్పుడు నాకు అల్వాల్ ఇల్లు గుర్తొచ్చింది. గన్‌మెన్ లేకుండా ఊళ్లోకి ఎట్ల పోతా అని ఈయన, తుపాకీ లేకుండా ఊళ్లోకి ఎలా వస్తాం అని వాళ్లు. ఎవరి తుపాకీ చట్టబద్ధమన్న ప్రశ్నకు పోలీసుగా నా దగ్గర ఒకే జవాబు ఉంది. భయం సంగతికొస్తే మాత్రం, ఒకే ఊరి దారిలో రెండు వైపుల నుంచి ఒకటే భయం నడిచి వస్తోంది. ఆ రెంటినీ ఒకేసారి తగ్గించే పద్ధతి ఏదీ చర్చల కాగితాల్లో నాకు కనపడలేదు. మొదటి దఫా చర్చలు అయిపోయాక రెండో దఫా జరగనే లేదు.

జనవరి తర్వాత

2005 జనవరిలో ఎన్‌కౌంటర్లు మొదలయ్యాయి. నెల మధ్యలో మావోయిస్టులు చర్చల నుంచి తప్పుకున్నట్టు ప్రకటించారు. జనవరి 24న అనంతపురంలో తెలుగుదేశం ఎమ్మెల్యే పరిటాల రవి గారిని పార్టీ ఆఫీసు దగ్గరే చంపేశారు. అది మావోయిస్టుల పని కాదు, ఫ్యాక్షన్ పగలు. తనకు ప్రాణభయం ఉందని ఆయన చెబుతూనే ఉన్నారు. ఆ రాత్రి నుంచి మా ఆఫీసులో ఫోన్లు ఆగలేదు. ఏ పార్టీ నాయకుడైనా ఒకటే ప్రశ్న, మా సంగతేంటని. వాళ్లకు హత్య చేసిందెవరన్నది ముఖ్యం కాదు. భయం ఉందని చెప్పిన మనిషి చనిపోయాడు, అంతే.

సర్వే ఆగిపోయింది. ఈ టెన్షన్‌లో సర్వేయర్‌ను ఊళ్లోకి పంపితే పూచీ ఎవరిది అన్నారు. వాళ్లదీ న్యాయమే.

మార్చిలో ఒక తెల్లవారుజామున అయిదు గంటలకు నా ఇంటి ఫోన్ మోగింది. అల్వాల్ నుంచి.

"సాబ్, మావోణ్ని చంపిండ్రు."

ఆయన కొడుకేమో అనుకుని నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. కొడుకు కాదు. మండలంలో ఆయన పనులు చూసే అనుచరుడు. పాతికేళ్లుగా వెంట తిరిగిన మనిషి. మాజీ ఉపసర్పంచ్. పెళ్లికి పోయి బైక్ మీద తిరిగి వస్తుంటే ఊరి బయట చింతల దగ్గర ఆపారు. పక్కన ఒక కాగితం వదిలి వెళ్లారు. 14 ఎకరాల మాట అందులో ఉంది.

ఆ భూమి పాసు పుస్తకం అతని పేరు మీద ఉంది.

ఫోన్‌లో ఆయన ఏడవలేదు. "నేను మీకు చెప్తనే ఉన్న గదా సాబ్," అన్నారు. అంతే. పెట్టేశారు. నా డైరీ తీసి అక్టోబర్ పేజీ చూశాను. 'సదరు భూమి ఆయనదే' అని నా చేతిరాత.

ఆ మధ్యాహ్నానికల్లా ఆయనకు పూర్తి 2+2 మంజూరైంది. ఆర్డరు అంత తొందరగా రావడం నా సర్వీసులో ఎప్పుడూ చూడలేదు. దినాల నాడు ఆయన ఊరికి పోయారు. వద్దన్నాం, వినలేదు. తన గన్‌మెన్ ఇద్దరినీ ఆ అనుచరుడి ఇంటి గుమ్మం దగ్గర నిలబెట్టి, ఆయన మాత్రం వాకిట్లో చాప మీద జనం మధ్య కూర్చున్నారు. ఎవరికి కాపలా కాయాలో తెలియక ఆ పిల్లలు ఒకసారి ఇంటివైపు, ఒకసారి చాపవైపు చూస్తూ నిలబడ్డారని తర్వాత నాతో చెప్పారు.

ఎక్కడ తప్పింది

మా ఫారంలో గడులు ఉంటాయి. పేరు, పదవి, నివాసం, ఎవరి నుంచి ముప్పు, గత సంఘటనలు, ప్రస్తుత భద్రత, సిఫార్సు. అన్నీ ఒక మనిషి గురించే. ముప్పు అలా ఒక్క మనిషి దగ్గర ఆగేది కాదు. పెద్ద నాయకుడి చుట్టూ కాపలా గట్టిపడితే దాడి చేయదలచిన వాడు ఊరుకోడు, కాపలా లేని మనిషిని వెతుక్కుంటాడు. ఆ రోజుల్లో ఊళ్లలో ఎక్కువగా చనిపోయింది మాజీ సర్పంచులు, మండల నాయకులు, ఇన్‌ఫార్మర్ అని ముద్ర పడ్డ మామూలు మనుషులు. వాళ్ల పేరు మీద ఏ ఫైలూ ఉండదు. నాయకుడికి అది తెలుసు. అందుకే ఆయన భయం అంత చిక్కగా ఉంది. అందులో సగం తన ప్రాణం గురించి, సగం తన పేరుకు బదులు మరొకడి పేరు రాయించిన తప్పు గురించి. ఆ రెండో సగాన్ని నోరు తెరిచి చెప్పలేక 'అనుకో' అన్నారు. నేను ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే, 'పాసు పుస్తకం ఎవరి పేరు మీద ఉంది సార్' అని అడిగి ఉంటే చెప్పేసేవారని నా నమ్మకం. చెప్పడానికే నన్ను పిలిచారు ఆ రోజు.

ఆ ఏడాది ఆగస్టు నెల మా పనిలో ఉన్నవాళ్లెవరూ మరిచిపోరు. ఆగస్టు 12న కొలంబోలో శ్రీలంక విదేశాంగ మంత్రి లక్ష్మణ్ కదిర్‌గామర్‌ను సొంత ఇంటి ఈతకొలను దగ్గర కాల్చి చంపారు. అక్కడ ప్రభుత్వానికీ ఎల్టీటీఈకీ మధ్య 2002 నుంచి కాల్పుల విరమణ ఒప్పందం ఉంది. ఆయనకు గట్టి భద్రత ఉంది. తూటా పక్కింట్లోంచి వచ్చింది. మూడు రోజులకు, స్వాతంత్ర్య దినోత్సవం నాడు, నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డి గారు, ఆయన కొడుకు, మరికొందరు మావోయిస్టుల కాల్పుల్లో చనిపోయారు. 17న ప్రభుత్వం మళ్లీ నిషేధం పెట్టింది. శాంతి మాటలు మొదలైనప్పుడు ఇలా కూలిపోవచ్చని ఎవరైనా అంటే అపశకునం పలికినట్టు చూసేవాళ్లం. అందుకే కూలిపోయే రోజుకు మా దగ్గర ఏ ఏర్పాటూ లేదు. కాల్పుల విరమణ మొదలైన వారానికే గన్‌మెన్‌ను తగ్గించాం. అది నిలబడిందని తేలేదాకా, కనీసం ఏడాది, ఉన్నదాన్ని కదిలించకూడదు. తగ్గించక తప్పకపోతే నాయకుడిని కూర్చోబెట్టి ముఖాముఖి చెప్పి తగ్గించాలి. ఈయనకు మేం చెప్పలేదు. ఒక పొద్దున గన్‌మన్ రాలేదు, అలా తెలిసింది.

ఇంకొకటి, శాంతిని కోరేవాళ్లు ఇది పట్టించుకోవాలి. భయపడిన నాయకుడు చర్చలకు మద్దతు ఇవ్వడు. 2004 అక్టోబర్‌లో పార్టీ సమావేశాల్లో చర్చలను వ్యతిరేకించిన వాళ్లలో కొందరు నాకు వ్యక్తిగతంగా తెలుసు. వాళ్లకు సిద్ధాంతం ఏమీ లేదు. రాత్రి నిద్ర పట్టడం లేదు, అంతే. రెండో వైపు కూడా ఇదే జరిగింది. 2005 జూలైలో, చర్చలకు వచ్చిన జనశక్తి ప్రతినిధి రియాజ్ ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. హక్కుల నాయకులకు 'నల్లమల కోబ్రాలు' పేరుతో బెదిరింపులు వచ్చాయి. చర్చల బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకే ప్రాణానికి పూచీ లేకపోతే రేపు ఆ బల్ల దగ్గరకు ఎవరొస్తారు? వాళ్ల భద్రతకు కూడా ఒక ఫైలు ఉండాల్సింది. ఉండి ఉంటే దాన్ని నాకే ఇమ్మని అడిగేవాణ్ని.

ఆ తర్వాత నుంచి ప్రతి సమీక్ష ఫారం వెనక చేత్తో ఒక పేజీ రాసేవాణ్ని. ఈయన వెంట రోజూ తిరిగేది ఎవరు? ఈయన ఆస్తులు, లావాదేవీలు ఎవరి పేరు మీద ఉన్నాయి? ఈయన మీద కోపం ఎవరి మీద తీరే అవకాశం ఉంది? మొదట్లో పై అధికారులు ఇది మన పని కాదన్నారు. ఒకాయన మాత్రం చదివి, ఆ పేజీ నకలు స్థానిక పోలీస్ స్టేషన్‌కు పంపమన్నారు. అలా రెండు కేసుల్లో మండల స్థాయి మనుషులు కొన్నాళ్లు ఊరు వదిలి పట్నం వచ్చేలా చేయగలిగాం. వాళ్ల మీద దాడి జరిగేదా లేదా అని ఎవరూ రుజువు చేయలేరు. వాళ్లు బతికే ఉన్నారు.

2006లో ఆ అనుచరుడి ఇంటికి వెళ్లాను. అంతవరకు ఏ అధికారీ వెళ్లలేదు. అతని భార్య కల్లంలో వడ్లు ఎండబోస్తోంది. మీ కుటుంబానికి ఇంకా బెదిరింపులు ఏమైనా ఉన్నాయా, ఏదైనా రక్షణ కావాలా అని అడిగాను.

"మాకు గన్‌మెన్ ఎందుకు సారు? ఆ భూమి కాయితం మా ఆయన పేరు మీద ఎందుకు పెట్టిండ్రో పటేల్‌ను అడిగి చెప్పు. నాకు గదొక్కటి తెల్వాలె."

అల్వాల్ వెళ్లి ఆ మాట ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన జవాబు చెప్పలేదు. నెల తర్వాత ఎమ్మార్వో ఆఫీసులో 14 ఎకరాలు ఆ తొమ్మిది కుటుంబాలకు వదిలేస్తున్నట్టు కాగితం రాశారు. ఆమె వేలిముద్ర వేసింది. ఆయన కింద సాక్షి సంతకం పెట్టారు. గన్‌మెన్‌ను గేటు బయటే ఉండమని చెప్పి లోపలికి ఒక్కరే వచ్చారు.